ఇంటికీ రోడ్డుకూ నడుమ ఐదడుగులు: కట్టడాల రూపకల్పన పట్టణాన్ని ఎలా మారుస్తుంది?

దక్షిణ తెలంగాణ పట్టణాల్లో గత పదేళ్లుగా కట్టుబడి పనులు ఆగలేదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల జిల్లా కేంద్రాలయ్యాయి; 2019లో నారాయణపేట వాటి సరసన చేరింది. పట్టణం తరువాత పట్టణానికి సమీకృత కలెక్టరేటు, చెరువు కట్ట మీద మినీ ట్యాంక్‌బండ్, కూరగాయలూ మాంసమూ ఒకే ఆవరణలో అమ్మే సమీకృత మార్కెట్టు, రంగుల దీపాల చౌరస్తాలు, వాటి వెంట రోడ్ల విస్తరణ వచ్చాయి. పని ఏదైనా ప్రారంభోత్సవంలో వినిపించే మాట ఒక్కటే: పట్టణం రూపురేఖలు మారతాయి, ఊరికి కళ వస్తుంది. కొన్నిచోట్ల నిజంగానే వచ్చింది. మరికొన్నిచోట్ల కట్టినది కట్టినట్టే ఉండి, జనం మాత్రం పాత జాగాలోనే, మోరీ పక్కనే, కూరగాయలు కొంటున్నారు. ఖర్చు దాదాపు ఒకటే అయినా ఒక చోటు మనుషులతో నిండడానికి, మరొకటి ఖాళీగా మిగలడానికి కారణమేమిటో అర్థం కావాలంటే, పట్టణ సముదాయం తేరుకోవడానికి కట్టడాల రూపకల్పన చేయగలిగేదేమిటో, చేయలేనిదేమిటో మొదటినుంచి చూడాలి.

రూపకల్పనలో ఏమేమి ఉంటాయి

మన దగ్గర ఇల్లు కట్టదలచినవారు ఇంజనీరును మొదట అడిగేది ప్లాను, ఆ తరువాత ఎలివేషన్. ప్లాను అంటే గదుల అమరిక. ఎలివేషన్ అంటే రోడ్డు మీది నుంచి కనిపించే ముఖం. ఈ రెండూ అయ్యాక రూపకల్పన పూర్తయిందనుకోవడం పరిపాటి. పట్టణానికి సంబంధించినంతవరకు అసలు విషయం ఆ తరువాతే మొదలవుతుంది. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీలోంచి వీధి కనిపిస్తుందా, గోడ నీడ ఏ పూట ఎక్కడ పడుతుంది, వాననీళ్లు ఎటు పోతాయి, నడిచిపోయే మనిషి ఒక నిమిషం ఆగాలనుకుంటే ఆగే జాగా ఉందా అన్నవన్నీ కట్టడానికీ దాని చుట్టూ ఉన్న ఖాళీకీ గల సంబంధాన్ని నిర్ణయిస్తాయి. ఆర్కిటెక్టులు స్థలాన్ని మలచడం అన్నప్పుడు వారి దృష్టిలో ఉండేది ఈ సంబంధమే.

పట్టణ సముదాయం అన్న మాటను కూడా ఇక్కడ సాదాగా తీసుకుందాం: రోజూ ఎదురుపడుతూ, ముఖాలు గుర్తుపడుతూ, అవసరమైతే పలకరించుకోగల మనుషులు. అలాంటి సముదాయం తేరుకుందని చెప్పడానికి మూడు గుర్తులు ఉపయోగపడతాయి. ఆ చోటుకు కాలినడకన వచ్చేవారు పెరగాలి. అక్కడి చిన్న వ్యాపారాలకు గిరాకీ పెరగాలి. మొదటినుంచి ఉన్నవారు అక్కడే ఉండగలగాలి. ఈ మూడో గుర్తు చాలా చర్చల్లో జారిపోతుంది. అసలు చిక్కంతా దాని దగ్గరే ఉందని ఈ వ్యాసంలో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

అరుగు పోయి ప్రహరీ వచ్చిన చోట

నల్లగొండ, పాలమూరు పాత వీధుల్లో మిగిలిన పెంకుటిళ్ల ముందు దర్వాజకు రెండు వైపులా అరుగులు కనిపిస్తాయి. మోకాలి ఎత్తుకు కాస్త పైగా లేపి, పైన బండలు పరిచి, అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. ఇంటి చూరు ముందుకు సాగి, రెండు మూడు చెక్క గుంజల మీద నిలబడి, అరుగుకు నీడ పడుతుంది. వెడల్పు నాలుగైదు అడుగులకు మించదు. అంత కొద్ది జాగాలో మధ్యాహ్నం బియ్యం చెరుగుతారు, సాయంత్రం పిల్లలు చదువుకుంటారు, ఆసరా కావలసిన ముసలివారు రోజంతా మనుషుల మధ్య ఉంటారు. అరుగు ఇంటివారిదే, కాని వీధికి తెరిచి ఉంటుంది. అటు పూర్తిగా సొంతమూ కాని, ఇటు పూర్తిగా ఉమ్మడీ కాని నడిమి జాగా అది.

ఇప్పుడు నిబంధనల సంగతి చూద్దాం. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, ముందు రోడ్డు 12 మీటర్లకు మించకపోతే, చిన్న ప్లాటులో ఇంటి ముందు 1.5 మీటర్లు, అంటే సుమారు ఐదడుగులు, ఖాళీ వదలాలి. దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. పాత అరుగు వెడల్పూ ఇంచుమించు ఇంతే. అయితే ఆ ఐదడుగులు ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఆరడుగుల ప్రహరీ గోడ వెనక్కి పోయాయి. లోపల సంపు, మెట్లు, చెప్పుల స్టాండు. బయట గేటు నుంచి రోడ్డు మీదికి దిగే ర్యాంపు. నిబంధన కోరిన ఖాళీ ఉంది, వీధికి మాత్రం దాని నుంచి దక్కిందేమీ లేదు. పైగా భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం తరువాత 75 చదరపు గజాల లోపు ప్లాటులో పైన ఒక అంతస్తు వరకు కట్టుకునేవారు అనుమతి కోసం తిరగనక్కరలేదు, రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. పేదలకు ఇది నిజమైన ఊరట. దాని మరో ఫలితం ఏమిటంటే, గల్లీల్లో లేచే వేలాది ఇళ్ల రూపం మేస్త్రీ అలవాటు మీదా పక్కింటి నమూనా మీదా ఆధారపడుతుంది.

ఈ తేడా ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మామూలు నడకలో మనిషి సెకనుకు నాలుగున్నర అడుగుల దూరం పోతాడనుకుందాం. 200 అడుగుల వీధి దాటడానికి సుమారు 45 సెకన్లు పడుతుంది. వీధి పొడవునా పదేసి అడుగుల మడిగెలో, అరుగులున్న ఇళ్లో ఇరవై ఉంటే, రెండు సెకన్లకు ఒక తలుపు, ఒక ముఖం, ఒక మాట ఎదురవుతాయి. అదే పొడవునా ఒకే ప్రహరీ ఉంటే ఆ 45 సెకన్లూ గోడ తప్ప మరేమీ లేదు. చీకటి పడ్డాక ఏ వీధిలో నడవడానికి ఆడపిల్ల జంకుతుందో చెప్పడానికి ఈ లెక్క చాలు. వీధిని కాపాడేది వీధి మీద ఉన్న కళ్లేనని అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వాదించినప్పుడు ఆమె చెప్పిన సారాంశం ఇదే.

ప్రహరీ కట్టుకునేవారి కారణాలు తేలికైనవి కావు. దుమ్ము, కుక్కలు, దొంగల భయం, బండి నిలుపుకోవడం, ఇంటి ఆడవాళ్లకు చాటు, ఇవన్నీ నిజమైన అవసరాలే. అరుగు గురించి మాట్లాడేటప్పుడు మరచిపోకూడని సంగతి మరొకటి ఉంది. ఎవరు ఎవరి అరుగు మీద కూర్చోవచ్చన్నది నిన్నమొన్నటి దాకా కులమే తేల్చింది. అందరికీ తెరిచి ఉన్న జాగాగా దాన్ని ఊహించుకోవడం చరిత్రకు అన్యాయం చేయడమే. కనుక అరుగును యథాతథంగా తిరిగి తేవాలన్నది ఇక్కడి వాదన కాదు. గోడను నడుము ఎత్తుకు తగ్గించి పైన జాలీ పెట్టడం, గోడలోనే బయటివైపుకు రాతి దిమ్మె కట్టడం, వంటింటి కిటికీని వీధివైపు తిప్పడం వంటి మార్పులతో చాటూ నిలుస్తుంది, చూపూ నిలుస్తుంది. వీటికి అయ్యే ఖర్చు ఎలివేషన్ మీద అతికించే ఏసీపీ (అల్యూమినియం) షీట్ల ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.

మే నెల నాలుగు గంటల నీడ

నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీల దరిదాపులకు పోతుంది. ఇక్కడ ఏ ఉమ్మడి జాగా అయినా బతకాలంటే మొదటి షరతు నీడ. నీడను ముందే లెక్కకట్టవచ్చు.

మన అక్షాంశం సుమారు 17 డిగ్రీల ఉత్తరం కాబట్టి మే మొదటి పక్షంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ గోడ ఎంత ఎత్తున్నా దాని నీడ వీధిలో పడదు. చూరు, సజ్జ, చెట్టు మాత్రమే కాపాడతాయి. మూడు దాటాక లెక్క మారుతుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పడమటి వైపు 20 అడుగుల ఎత్తు ఇల్లు ఉంటే, మే నడుమ మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో దాని నీడ సుమారు 18 అడుగులు, నాలుగింటికి సుమారు 30 అడుగులు పరుచుకుంటుంది. అంటే 30 అడుగుల రోడ్డు మొత్తం నాలుగింటికే నీడలోకి వస్తుంది. తూర్పు పడమరల వీధిలో సూర్యుడు వీధి పొడవునా సూటిగా చూస్తాడు. రెండు వైపులా ఎంత ఎత్తు మేడలున్నా సాయంత్రం దాకా ఎండ తప్పదు. మొదటి రకం వీధిలో బెంచీని పడమటి గోడ పక్కన వేస్తే నాలుగింటికి జనం కూర్చుంటారు, తూర్పు గోడ పక్కన వేస్తే ఆ ముందంతా ఖాళీగా పడి ఉంటుంది. రెండో రకం వీధికి చెట్లు లేనిదే దారి లేదు. చౌరస్తాల్లో చెట్లు తీసేసి గ్రానైటు దిమ్మెలు వేసినచోట మధ్యాహ్నం ఒక్క మనిషీ కనిపించకపోవడానికి జనం నిరాసక్తి కారణం కాదు, రాయి కాలిపోవడం కారణం.

వెలుగునూ నీడనూ లెక్కించే విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. నల్లగొండ పక్కనే పానగల్లులో కుందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడిలో లింగం వెనుక పగలంతా ఒక స్తంభపు నీడ నిలిచి ఉండేలా మండప స్తంభాలను అమర్చారు.

రోడ్డు వెడల్పైతే ఏమి వస్తుంది, ఏమి పోతుంది

రోడ్డు విస్తరణ మీద వాదనలు రెండు వైపులా బలంగా ఉన్నాయి. ఇరుకు బజారులో అంబులెన్సు కదలదు, బస్సు తిరగదు, మంటలార్పే బండి చేరదు. పెరిగిన పట్టణానికి పాత రోడ్డు చాలదన్నది మునిసిపాలిటీ వాదన, అది నిజం. ఇరవై అడుగుల లోతు మడిగెలో పదడుగులు పోతే మిగిలిన దానిలో దుకాణం నడవదన్నది వ్యాపారి బాధ, అదీ నిజం. ఈ రెండింటి మధ్య నడిచేవారి లెక్క ఎవరూ వేయరు. 40 అడుగుల రోడ్డును సెకనుకు మూడడుగుల చొప్పున నడిచే ముసలమ్మ 13 సెకన్లలో దాటుతుంది. అదే రోడ్డు 80 అడుగులైతే 27 సెకన్లు పడుతుంది, ఈలోగా బండ్ల వేగం కూడా పెరిగి ఉంటుంది. నడుమ డివైడరు దగ్గర నిలబడటానికి నాలుగడుగుల జాగా ఉంటే ఆ దాటడం రెండు చిన్న అంగలవుతుంది. డివైడరు మీద ఇనుప కంచె వేసి అర కిలోమీటరు దాకా సందు వదలకపోతే, ఎదురుగా ఉన్న రెండు వరుసల దుకాణాలు రెండు వేర్వేరు ఊళ్ల కింద లెక్క. రోడ్డు వెడల్పు ఒక్కటే ఫలితాన్ని తేల్చదు, ఆ వెడల్పును ఎవరెవరికి పంచారన్నది తేలుస్తుంది.

కట్టడం మనుషులను మారుస్తుందా?

ఇక్కడ నిపుణుల మధ్య పాత తగాదా ఒకటి ఉంది. ఒక పక్షం ప్రకారం చుట్టూ ఉన్న కట్టడమే మనిషి నడవడికను తీర్చిదిద్దుతుంది. రెండో పక్షం ప్రకారం ఆదాయం, ఉపాధి, ప్రభుత్వ విధానమే అసలు కారణాలు, కట్టడం వాటి నీడ మాత్రమే.

రెండు పక్షాలూ ఎత్తి చూపే ఉదాహరణ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉంది. ప్రూయిట్-ఐగో అనే పేరుతో అక్కడ 1950ల నడుమ 33 భవనాలు, ఒక్కొక్కటి 11 అంతస్తులుగా, పేదల కోసం కట్టారు. మినోరు యమసాకి వాటి ఆర్కిటెక్టు. 1972లో వాటిని కూలగొట్టడం మొదలైంది. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగకపోవడం, పొడవాటి నడవాలు ఎవరి కంటికీ ఆనకపోవడం, భవనాల మధ్య ఖాళీ ఎవరిదీ కాకపోవడం దాని పతనానికి కారణాలని మొదటి పక్షం చెబుతుంది. నగరంలో జనాభా తగ్గిపోవడం, ఉద్యోగాలు పోవడం, పేద అద్దెదారులు కట్టే అద్దెల మీదే మరమ్మతులు నడవాలని పెట్టిన నియమం అసలు కారణాలని రెండో పక్షం చెబుతుంది. రెండో వాదనకే ఎక్కువ బలముందని నా అభిప్రాయం. కాని డబ్బు కరువైనప్పుడు తప్పుడు రూపకల్పన ఆ కష్టాన్ని రెట్టింపు చేసిందనడంలోనూ సందేహం లేదు.

మన దేశంలో దీనికి భిన్నమైన దారి ఇండోర్‌లోని అరణ్య కాలనీ. 1980లలో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి రూపకల్పన చేసిన ఈ కాలనీలో సుమారు 6,500 ప్లాట్లు ఉన్నాయి. కడుపేదలకు ఇచ్చిన ప్లాటు 35 చదరపు మీటర్ల మేర, అంటే మన లెక్కలో 42 గజాలు. దోషి వారికి పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. పునాది, మరుగుదొడ్డి, నీళ్ల వసతి ఇచ్చి, మిగిలినది చేతిలో డబ్బు ఆడినప్పుడు కట్టుకోమన్నారు. తన బలాన్నంతా ఇంటి బయట పెట్టారు: ఇరుకు వీధులు, ఇంటి ముందు మెట్లూ దిమ్మెలూ, కొన్నేసి ఇళ్లకు ఒక చిన్న వాకిలి. ఆ కాలనీకి 1995లో కట్టడాల రూపకల్పనకు ఇచ్చే ఆగాఖాన్ పురస్కారం దక్కింది, 2018లో దోషి ఆర్కిటెక్టులకు ఇచ్చే ప్రిట్జ్‌కర్ పురస్కారం పొందిన తొలి భారతీయుడయ్యారు. అయితే ఇళ్ల విలువ పెరిగాక తొలి యజమానుల్లో కొందరు అమ్ముకొని వెళ్లిపోయారన్న విమర్శ కూడా అరణ్య మీద ఉంది.

తెలంగాణలో ఈ రెండు ఆలోచనలూ మనం చూశాం. డబుల్ బెడ్‌రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు పూర్తిగా కట్టి తాళం చేతికిచ్చారు. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవారికి అయిదు లక్షల రూపాయలు ఇచ్చి కట్టుకోమంటున్నారు. మొదటి దానిలో ఇల్లు నాణ్యంగా, ఒకే తీరున వస్తుంది, కాని భూమి దొరికిన చోట కట్టాలి గనుక కాలనీ తరచూ పట్టణం అంచుకు పోతుంది. పొద్దున్నే అడ్డాకు చేరవలసిన కూలీకి ఆటో చార్జీ రోజువారీ పన్నులా తగులుతుంది. రెండో దానిలో మనిషి తన గల్లీలో, తెలిసినవారి మధ్యనే ఉంటాడు, కాని ఇరుకు గల్లీ ఇరుకుగానే మిగులుతుంది, జాగా లేనివాడికి దారి దొరకదు. దేశమంతటా ఆనకట్టలూ మేడలూ కట్టడానికి వలసపోయిన పాలమూరు కూలీల పిల్లలు ఎలాంటి ఇంట్లో, ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్న ఇది. గోడల నాణ్యత ఒక్కటే దీనికి జవాబు కాలేదు.

నేత వీధులది ఇంకో తీరు. పోచంపల్లి వంటి ఊళ్లలో ఇంట్లో గుంట మగ్గం ఉంటుంది, నూలు పడుగును చాచి సరిచేసుకోవడానికి ఇంటి ముందు పొడవైన ఖాళీ కావాలి. అక్కడ వీధి కార్ఖానాలో సగం. అదే కుటుంబాన్ని మూడో అంతస్తు ఫ్లాటులోకి మారిస్తే ఇల్లు మెరుగవుతుంది, పని ఆగుతుంది.

బాగుపడిన చోటు ఎవరికి దక్కుతుంది

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2003 నుంచి 2005 మధ్య ఒక ఫ్లైఓవరును కూల్చి, దాని కింద పూడిపోయిన చియోంగ్‌గేచియోన్ వాగును 5.8 కిలోమీటర్ల మేర మళ్లీ వెలికి తెచ్చారు. వేలాది మంది అక్కడ నడుస్తారు, చుట్టుపక్కల గాలి చల్లబడింది. అయితే అక్కడి వీధి వ్యాపారులను ముందు ఒక పాత స్టేడియానికి తరలించారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ కూల్చి మరో ఘనమైన కట్టడం లేపారు, వ్యాపారులు మళ్లీ కదలవలసి వచ్చింది.

మహబూబ్‌నగర్ పెద్దచెరువు, సూర్యాపేట సద్దుల చెరువు కట్టలు మినీ ట్యాంక్‌బండ్‌లుగా మారాక ఈ ప్రశ్న మనకూ దగ్గరైంది. పొద్దున నడకకు, సాయంత్రం పిల్లలతో రావడానికి జాగా దొరకడం పట్టణానికి చిన్న లాభమేమీ కాదు. పది హెక్టార్లు మించిన చెరువు అంచు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదన్న నిబంధనను గౌరవిస్తూ ఆ అంచును నడకదారిగా మలిస్తే చెరువుకూ కాపలా ఏర్పడుతుంది. కాని చెరువు మీద ఆధారపడిన ముదిరాజుకు వల ఆరేసుకునే చోటు, చాకలికి రేవు, బతుకమ్మ వేసే ఆడవాళ్లకు నీళ్లలోకి దిగే మెట్లు డ్రాయింగులో ఉన్నాయా లేవా అన్నదాని మీదే ఆ కట్ట అందరిదవుతుందా, సాయంకాలపు వాహ్యాళికే మిగులుతుందా అన్నది తేలుతుంది.

సమీకృత మార్కెట్ల సంగతీ ఇంతే. శుభ్రమైన గచ్చు, నీళ్లు, మురుగు పోయే దారి, మాంసానికి విడి గదులు కొనేవారికీ అమ్మేవారికీ మేలు. అయినా కొన్నిచోట్ల రైతమ్మ గంప మళ్లీ రోడ్డు మీదికే వస్తుంది. ఆమె సరుకు దారినపోయేవారి కంట పడితేనే అమ్ముడవుతుంది; బస్సు దిగిన మనిషి పది మెట్లెక్కి లోపలికి పోయి కొత్తిమీర కట్ట కొనడు. మార్కెట్టు ముఖద్వారం జనం నడిచే దారిలో ఉందా, గచ్చు రోడ్డు మట్టానికి ఉందా, రోజుకు రెండు గంటలే కూర్చునేవారికి అద్దె లేని వరుస ఉందా అన్న మూడు సంగతులు గుమ్మటాలకన్నా ఎక్కువ పని చేస్తాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే చేయకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదంటుంది, పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలంటుంది. చట్టం ఇచ్చిన ఆ కుర్చీ నిజంగా నిండితే పైన చెప్పిన మూడు సంగతులూ టెండరుకు ముందే డ్రాయింగులోకి వస్తాయి.

పాత గోడలకు కొత్త పని

కూల్చి కట్టడమే దారి కాదని ఈ ప్రాంతమే చూపింది. వనపర్తి సంస్థానాధీశుల ప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ కళాశాల నడిచింది, గద్వాల కోటలో డిగ్రీ కళాశాల ఏర్పడింది. మనుషులు రోజూ తిరిగే పాత కట్టడం పాడుపడదు, చుట్టూ ఉన్న హోటళ్లూ స్టేషనరీ దుకాణాలూ దానితోపాటు నిలుస్తాయి. దీనికి భిన్నంగా, కార్యాలయాలన్నీ ఊరి వెలుపలి కొత్త కలెక్టరేటుకు పోయినప్పుడు పాత చోట దస్తావేజు రాసేవారు, జిరాక్సు మిషన్లు, చాయ్ బండ్లు ఒకేసారి గిరాకీ పోగొట్టుకుంటాయి. విశాలమైన ఆవరణ, అన్ని శాఖలూ ఒకే కప్పు కింద దొరకడం కొత్త భవనపు లాభాలు. పాత భవనానికి ఏ పని అప్పగిస్తారన్నది ఆ పథకంలో భాగమే కావలసింది.

కట్టాక పదేళ్ల ఖర్చు

కొలంబియాలోని మెడెయిన్ నగరం 2004లో కొండ మీది పేదల బస్తీకి కేబుల్‌కారు వేసి, 2007లో అక్కడే ఘనమైన గ్రంథాలయం కట్టి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. కేబుల్‌కారు నేటికీ నడుస్తోంది, దాని మీద బస్తీవాసులు పనులకు పోతున్నారు. ఎక్కువ ఫొటోలకెక్కిన గ్రంథాలయాన్ని మాత్రం నిర్మాణ లోపాల వల్ల కొన్నేళ్లకే మూసివేయవలసి వచ్చింది.

మన మునిసిపాలిటీల్లో నిర్వహణకు ఒక ఆసరా ఉంది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంటుంది. వీధి నీడను కాపాడటానికి అంతకంటే నేరుగా పనికివచ్చే పద్దు లేదు. అదే చట్టం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు వేయమంది. చౌరస్తాలో బెంచీ ఏ గోడ పక్కన ఉండాలో, డివైడరుకు సందు ఎక్కడ వదలాలో, చెరువు మెట్లు ఎటు దిగాలో అందరికన్నా బాగా తెలిసినవారు ఆ కమిటీల్లోని ఆడవాళ్లూ ముసలివాళ్లే. డ్రాయింగు కాగితం మీద ఉన్నప్పుడు ఈ మార్పులకు అయ్యే ఖర్చు ఒక గీత చెరిపి మరో గీత గీయడమే; కాంక్రీటు పడ్డాక అదే మార్పుకు మరో టెండరు కావాలి. చాలాసార్లు వార్డుకు డ్రాయింగు చేరేది శంకుస్థాపన ఫ్లెక్సీ మీద ముద్రించిన రంగుల బొమ్మగానే. అందులో చెట్లు నిండుగా పెరిగి ఉంటాయి, ఎండ మాత్రం ఉండదు.